టర్మ్ షీటు విప్పిన మెకానిక్

ఆసుపత్రుల్లో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మెకానిక్ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "రెండు-ఎనిమిది గారొచ్చారు, ఫ్రిజ్ గది తాళం ఇవ్వండి" అంటారు. మందుల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. టీకాలూ ఇన్సులినూ ఆ రెండు గీతల మధ్యనే బతకాలి. ఈ ముక్కను ఆయన ఇరవై ఏడేళ్ళుగా కనిపించిన ప్రతి నర్సుకూ, ప్రతి ఫార్మసిస్టుకూ, చివరికి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కూ చెప్పి చెప్పి ప్రాణం తీశాడు. విసిగినవాళ్ళు ఊరుకుంటారా? ఆ రెండంకెలూ తెచ్చి ఆయనకే తగిలించారు.

పదో తరగతి దాటని చదువు. చేతిలో మాత్రం సరస్వతి ఉందని ఒప్పుకోవాలి. కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పగలడు. నోటితోనే వచ్చింది చిక్కు. తెలిసింది చెప్పడానికి ఎంత ముందుంటాడో, తెలియనిది తెలియదని ఒప్పుకోవడానికి అంత వెనక.

ఆరేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో రెండు రోజులు వరసగా సెలవులొచ్చాయి. మూడో రోజు తలుపు తీసేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంది, ముల్లు ఇరవై రెండు మీద ఉంది. పసిపిల్లల టీకాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. మిషన్‌ను మొదలుపెట్టే రిలే అరిగింది, మార్చాలని ఈయన అంతకుముందే రెండుసార్లు రాసిచ్చాడు. అయినా ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నింద ఈయన మీదే పడింది. ఆయన వాదించలేదు. ఇంటికొచ్చి, పెరటి షెడ్డులో తలుపేసుకుని, నెల రోజుల్లో టిఫిన్ క్యారియర్ గిన్నెంత డబ్బా ఒకటి తయారుచేశాడు. ఫ్రిజ్ ఎనిమిది దాటితే అది ఆసుపత్రి వాళ్ళకు ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే ఇంకొకరికి చేస్తుంది. ఎవరూ ఎత్తకపోతే చివరికి ఆయనకే చేస్తుంది. దానికి కాపలా డబ్బా అని పేరు పెట్టాడు.

ఆ డబ్బాను కంపెనీ చేసింది అల్లుడు. పెళ్ళైన కొత్తలో షెడ్డులోకి తొంగిచూసి, "మావయ్యగారూ, ఇది మీరొక్కరే వాడుకునే వస్తువు కాదండీ" అన్నాడు. కంప్యూటర్ ఉద్యోగం మానేసి, చెరి సగం వాటాతో కంపెనీ పెట్టించాడు. ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లుతుందని కాగితాల్లో రాసుకున్నారు. మూడేళ్ళలో నలభై ఒక్క ఆసుపత్రుల్లో డబ్బాలు బిగించారు.

మామా అల్లుళ్ళు కలిసి వ్యాపారమా, ఎన్నాళ్ళు సాగుతుందిలే అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు చాలామందే. సాగింది, భేషుగ్గా సాగింది. ఎందుకంటే ఇద్దరూ ఒకరికొకరు ఏ విషయమూ తిన్నగా చెప్పుకోలేదు. ఆయన అల్లుణ్ణి "మీరు" అని తప్ప పిలవడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా స్క్రూడ్రైవర్ అందించమని అడగలేదు. ఒకరోజు భారీ ఫ్రిజ్ తలుపును మోకాలితో ఎత్తిపట్టుకుని ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాడే గానీ, పక్కనే చేతులు కట్టుకు నిల్చున్న అల్లుణ్ణి ఒక చెయ్యి వెయ్యమనలేదు. అల్లుడేమో మామగారు వస్తే కుర్చీలోంచి లేచేవాడు, ఆయన చెప్పినదానికల్లా "అవునండీ" అనేవాడు. చూడముచ్చటైన మర్యాద! ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచబోయింది.

ఆ సోమవారం ఇద్దరూ ఏడో అంతస్తులో అద్దాల గదిలో కూర్చున్నారు. గదిలో ఏసీ గడగడమంటోంది. ఫిల్టరు కడిగి ఏడాదై ఉంటుందని మెకానిక్‌కు శబ్దాన్ని బట్టే తెలిసిపోయింది. ఎదురుగా పెట్టుబడి పెట్టే పెద్దమనిషి. నలభై ఏళ్ళుంటాయి, వెన్న రాసిన గొంతు, మాటకు ముందొక "సర్", వెనకొక చిరునవ్వు. ఆయన తొమ్మిది పేజీల కాగితాలు బల్ల మీద జరిపాడు.

"ఇది టర్మ్ షీటు సర్. మేం డబ్బు ఏ షరతుల మీద ఇస్తామో ఇందులో ఉంటుంది. రెండు కోట్లు పెడతాం. ప్రీ మనీ వాల్యుయేషన్ ఆరు. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ త్రీ ఎక్స్, పార్టిసిపేటింగ్. డ్రాగ్ అలాంగ్ ఉంది, ఫౌండర్లకి వెస్టింగ్ ఉంది, ఏడాది క్లిఫ్. నో షాప్ తొంభై రోజులు. అంతా మామూలుగా ఉండేవే."

అల్లుడు తల ఊపాడు. అది చూసి మెకానిక్ గుండె నిబ్బరపడింది. కుర్రాడు చదువుకున్నవాడు, అర్థమైంది కాబట్టే ఊపుతున్నాడు అనుకుని తానూ ఊపాడు. మామగారు ఊపడం చూసి అల్లుడు ఇంకాస్త గట్టిగా ఊపాడు. తొమ్మిది పేజీలు అయ్యేదాకా ఇద్దరూ పోటీలు పడి గంగిరెద్దుల్లా తలలాడించారు.

"రెండేళ్ళలో ఏదో ఒక పెద్ద కంపెనీకి అమ్మేద్దాం సర్. ఆరు కోట్లకి కళ్ళకద్దుకుని కొంటారు" అన్నాడు పెద్దమనిషి. దానికీ ఊపారు.

"అయితే ఎల్లుండి పదకొండింటికి సంతకాలు. మీ చేతిలో ఎన్నాళ్ళకి డబ్బుందన్నారు?"

"అయిదు వారాలకండీ" అన్నాడు అల్లుడు. షెడ్డులో డబ్బాలు బిగించే నలుగురు ఆడవాళ్ళ జీతాలు, డబ్బాల్లోని సిమ్ కార్డుల బిల్లు, విడి భాగాలు అన్నీ లెక్కేస్తే ముప్ఫై అయిదు రోజులు. ఆ తర్వాత డబ్బాలు మూగబోతాయి. నలభై ఒక్క ఆసుపత్రుల్లో ఏ ఫ్రిజ్ ఆగినా చెప్పే దిక్కుండదు.

పెద్దమనిషి "అయ్యో" అన్నాడు. ఆ అయ్యోలో జాలి కంటే మరేదో ఎక్కువగా వినిపించింది మెకానిక్‌కు. కానీ అదేమిటో చెప్పలేకపోయాడు.

మెట్లు దిగుతూ ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉన్నట్టుంది కదండీ, అల్లుడుగారూ?"

"మీకు బాగుంటే నాకూ బాగున్నట్టేనండీ."

ఇద్దరూ మేకపోతు గాంభీర్యంతో చెరో బండీ ఎక్కి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మెకానిక్ కూతురు బడిలో లెక్కల టీచరు. మొగుడితో రెండు వీధుల అవతల కాపురం. మర్నాడు పొద్దున్నే బడికి పోతూ పుట్టింటి దగ్గర ఆగితే తండ్రి ఆమెను షెడ్డు చాటుకు పిలిచాడు.

"లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటే ఏంటో మీ ఆయన్ని ఓసారి అడిగి చెప్పమ్మా. నేనడిగానని మాత్రం అనకు."

ఆమె సరేనంది. మధ్యాహ్నం భోజనాల వేళ మొగుడి ఫోను. "మీ నాన్నగారికి అంతా అర్థమైనట్టుంది. నాకే ఆ లిక్విడేషనూ అదీ సరిగ్గా ఎక్కలేదు. మాటల్లో మాటగా కనుక్కుని చెప్పవూ? నేనడిగానని అనకు."

అంతే, ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రం నాలుగున్నరకు బడినుంచి తిన్నగా షెడ్డుకు వచ్చింది. మొగుణ్ణీ అక్కడికే రమ్మంది. ఇద్దర్నీ ఎదురెదురు స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, తరగతిలో కాపీ కొట్టినవాళ్ళను నిలదీసే గొంతుతో అడిగింది.

"నాన్నా, నీకు అర్థమైందా?"

ఆయన నేల చూశాడు.

"ఏమండీ, మీకు?"

అతను పైకప్పు చూశాడు.

"నీకు తెలీదు. ఆయనకీ తెలీదు. ఒకరి తల చూసి ఒకరు ఊపారు. దొందూ దొందే! రేపు పదకొండింటికి ఏం పెడదామనుకున్నారు, సంతకాలా, మా నెత్తిన చెయ్యా?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతకాలం అల్లుడి ముందు నిలబెట్టుకున్న పెద్దరికం కన్నకూతురి చేతిలో తుక్కయింది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కానీ ఎదుటి స్టూలు మీద అల్లుడి మొహం చూస్తే అచ్చం తన మొహంలాగే ఉంది. ఆ పోలిక ఆయనకు ఎందుకో కాస్త ధైర్యమిచ్చింది. లేచి, మూలనున్న తెల్ల దుప్పటి తీసి నేల మీద పరిచాడు.

మిషన్ ఏదైనా విప్పేటప్పుడు ఆయన పద్ధతి అదే. విప్పిన వరసలోనే ముక్కలన్నీ దుప్పటి మీద పేరుస్తాడు. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడుగుతాడు: నువ్వు ఎప్పుడు కదులుతావు? రిలే, మిషన్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం కదులుతుంది. థర్మోస్టాట్, లోపల వేడెక్కితే కదులుతుంది. ఫ్యూజు మాత్రం కొంప మునిగే రోజున ఒకేఒక్కసారి పనిచేస్తుంది. పనేమీ లేనట్టు కూర్చున్న ముక్కల్నే ముందు అనుమానించాలని ఆయన సిద్ధాంతం.

కత్తెర తీసుకుని తొమ్మిది పేజీల్నీ షరతుకొక ముక్కగా కత్తిరించడం మొదలుపెట్టాడు. టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో, రేపు వాళ్ళకి తిరిగివ్వాల్సిన కాగితాలు కావూ అవి?"

"జిరాక్స్ అండీ, అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు, ఆ రోజు మొదటిసారి నిజంగా తెలిసిన జవాబు చెబుతూ.

అల్లుడు ఫోనులో వెతికి చదువుతున్నాడు. కూతురు అట్టపెట్టె మీద లెక్కలు వేస్తోంది. మెకానిక్ ఒక్కో ముక్క పట్టుకుని అడుగుతున్నాడు.

వాల్యుయేషన్ తేలిగ్గానే లొంగింది. డబ్బు రాకముందు కంపెనీ విలువ ఆరు కోట్లని ఒప్పుకుంటారు. అదే ప్రీ మనీ. రెండు కోట్లు వచ్చి కలిస్తే ఎనిమిది. ఎనిమిదిలో రెండు అంటే నాలుగో వంతు వాళ్ళది. మామ సగమూ అల్లుడి సగమూ ఆ మేరకు చిక్కిపోతాయి. "పాలల్లో నీళ్ళు కలిపినట్టన్నమాట" అన్నాడు మెకానిక్. "దాన్నే డైల్యూషన్ అంటారటండీ" అన్నాడు అల్లుడు. ఇది కదిలేది డబ్బు బ్యాంకులో పడిన రోజున. న్యాయంగానే ఉంది. ఆ ముక్కను పక్కన పెట్టారు.

రన్‌వే అంటే చేతిలో డబ్బుతో ఎన్నాళ్ళు నడపగలమో అని అల్లుడు చదివేసరికి మెకానిక్ చటుక్కున తల ఎత్తాడు. "ఇది నాకు తెలుసు! కరెంటు పోయాక, తలుపు తియ్యకుండా ఉంటే ఫ్రిజ్ ఎనిమిది దాటకుండా ఎన్ని గంటలు నిలబడుతుందీ అని. అంతేనా?"

"అంతేనండీ. లోపలికి వేడి ఎంత వేగంగా వస్తోందో అది బర్న్ రేటు. అంటే మన నెల ఖర్చు."

"ఇంత చిన్నదానికి ఇంత పేరా!" అన్నాడాయన. ఆ గొంతులో మొదటిసారి పని చేసేటప్పటి హుషారు వినిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు.

వెస్టింగ్ ముక్క వచ్చింది. ఇప్పటిదాకా తమదనుకున్న వాటాను తాము మళ్ళీ మొదటినుంచి నాలుగేళ్ళు పనిచేసి సంపాదించుకోవాలి. ఏడాది నిండకముందే వెళ్ళిపోతే ఒక్క ముక్కా దక్కదు. ఆ ఏడాది గడపనే క్లిఫ్ అంటారు.

"ఇది ఎప్పుడు కదులుతుంది?"

"మనలో ఎవరైనా వెళ్ళిపోయిన రోజునండీ."

"వాళ్ళు తీసేస్తే?"

అల్లుడు మళ్ళీ చదివాడు. "తీసేసినా అంతేనండీ."

ఆ ముక్క మీద మెకానిక్ ఒక బోల్టు బరువుగా పెట్టాడు. తర్వాత లిక్విడేషన్ ప్రిఫరెన్స్. అల్లుడు దాన్ని మూడుసార్లు చదివాడు. కంపెనీని అమ్మిన రోజున ముందుగా ఎవరు ఎంత తీసుకోవాలో చెప్పేది అది. మూడింతలని రాసుంది. రెండు కోట్లు పెట్టినవాళ్ళు ముందు ఆరు కోట్లు తీసేసుకుంటారు. అప్పుడు మిగిలినదాంట్లో మళ్ళీ తమ నాలుగో వంతు కూడా తీసుకుంటారు. పార్టిసిపేటింగ్ అన్న మాటకు అర్థం ఇదీ.

"ఆయన ఎంతకి అమ్ముదామన్నాడు?" అంది కూతురు.

"ఆరు కోట్లకి."

ఆమె అట్టపెట్టె మీద ఆరు వేసి, కింద ఆరు వేసి, గీత గీసింది. గీత కింద సున్నా చుట్టింది. ఇరవై ఏడేళ్ళ అనుభవం, అల్లుడి మూడేళ్ళ కష్టం, నలుగురు ఆడవాళ్ళ చేతిపని అన్నీ కలిసి ఆ సున్నాలో కూర్చున్నాయి. డ్రాగ్ అలాంగ్ అంటే ఏమిటో చదివాక అది మరీ బిగిసింది. వాళ్ళు అమ్ముదామంటే వీళ్ళూ అమ్మి తీరాలి, కాదనడానికి లేదు. కొన్నవాళ్ళు డబ్బాను అటకెక్కించినా అడిగే హక్కుండదు.

"మరి ఈ తొంభై రోజులేంటి?" అన్నాడు మెకానిక్, చివరి ముక్క ఎత్తి.

"నో షాప్. సంతకం పెట్టాక తొంభై రోజులు ఇంకెవర్నీ పెట్టుబడి అడక్కూడదు. ఈలోపు వాళ్ళు మన లెక్కలూ కాగితాలూ తనిఖీ చేసుకుంటారు. టర్మ్ షీటులో మిగతావన్నీ అనుకున్న మాటలేనటండీ, అసలు ఒప్పందం తర్వాత రాస్తారు. ఇదొక్కటే సంతకం ఎండకముందే పట్టుకుంటుంది."

"తొంభై రోజులు నోరు కట్టేస్తారు. మన ఫ్రిజ్ నిలబడేది ముప్ఫై నాలుగు రోజులు." ఆయన ఆ ముక్కను దుప్పటి మీద పడేశాడు. "ముప్ఫై అయిదో రోజున వాళ్ళు ఇంకేం రాసినా పెట్టాల్సిందేగా సంతకం?"

నిన్న ఆ "అయ్యో"లో వినిపించినదేమిటో ఇప్పుడు తెలిసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే డబ్బా వాళ్ళది, పెట్టకపోతే డబ్బా మూగది.

"ఆసుపత్రుల్నే అడగొచ్చుగా నాన్నా" అంది కూతురు మెల్లగా. "నెలనెలా కట్టే చందా ఏడాదికి ముందే కట్టమని. సగం మంది ఒప్పుకున్నా గట్టెక్కుతాం."

"నా దగ్గర డబ్బు లేదని ఇంటింటికీ వెళ్ళి చెప్పుకోమంటావా? అడుక్కోమంటావా?"

"అడగడం వేరు, అడుక్కోవడం వేరు. అడగందే అమ్మయినా పెట్టదు."

ఆయన దుప్పటి అంచులు మడిచి ముక్కలన్నీ మూటకట్టాడు. రేపు మూడు మార్పులు అడుగుదామని నిర్ణయించారు: మూడింతలు ఒకింత కావాలి, బలవంతపు అమ్మకం పోవాలి, తొంభై ముప్ఫై కావాలి.

బుధవారం పదకొండు. అదే గది, అదే గడగడ. పెద్దమనిషి కాగితాల పక్కన నల్ల పెన్ను మూత తీసి మరీ పెట్టాడు. మెకానిక్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ నోట రాని మాట ఇప్పుడు రావాలి.

"సోమవారం మీరు చెప్పింది నాకు ముక్క అర్థం కాలేదండీ. తెలిసినట్టు తలాడించాను. తెలీదు. అది నా తప్పు. ఇప్పుడు కొన్ని తెలిశాయి" అని మొదలుపెట్టి మూడు మార్పులూ చెప్పాడు.

పెద్దమనిషి చిరునవ్వు చెదరలేదు. "అందరూ సంతకం పెట్టే షరతులే సర్ ఇవి. ఒకటి కదిపితే అన్నీ కదుల్తాయి. మీకున్నది నెల రోజులు. పన్నెండు దాటితే నేను వేరే కంపెనీని చూసుకోవాల్సొస్తుంది."

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. అప్పుడే మెకానిక్ జేబులో ఫోను మోగింది. ఎత్తితే కూతురి గొంతు, డబ్బా కోసం రికార్డు చేసిన గొంతు: "ప్రసూతి ఆసుపత్రి. టీకాల ఫ్రిజ్ ఎనిమిది దాటింది." ఆయన దాకా వచ్చిందంటే అక్కడ ఇద్దరూ ఫోను ఎత్తలేదన్నమాట.

ఆయన లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. వెళ్తే ఇక్కడ పన్నెండు గంటల గడువు దాటిపోతుంది. వెళ్ళకపోతే అక్కడ ఆరేళ్ళ కిందటి చెత్తబుట్ట మళ్ళీ నిండుతుంది. పెద్దమనిషి గడియారం చూశాడు. అల్లుడు మామగారిని చూశాడు.

"అల్లుడుగారూ, మీరుండండి. మీకు తెలియనిదాన్ని మాత్రం తెలుసనకండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లుతుందన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. బండి ఆపబోయి, మళ్ళీ వేగం పెంచాడు.

ఆసుపత్రిలో ఫ్రిజ్ ఎనిమిది పాయింట్ ఆరు చూపిస్తోంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కింది మూల చిరిగి వేలాడుతోంది. ఆ పూట ఇద్దరు గర్భిణులకు ఒకేసారి నొప్పులొచ్చి, అంతా అటు పరిగెత్తారట. ఫోన్లు బల్ల మీదే మోగాయి. ఫార్మసిస్టు రొప్పుతూ వచ్చింది. ఇద్దరూ కలిసి టీకాలన్నీ ఐసు పెట్టెలోకి మార్చారు. వేడి ఇంకా పైకి పోకముందే మార్చారు కాబట్టి టీకాలు దక్కాయి. ఆ మాట ఆమె చెబితే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత స్టూలు వేసుకుని పాత పట్టీ పీకడం మొదలుపెట్టాడు.

చేతులు తమ పని తాము చేస్తున్నాయి. మనసు మాత్రం ఏడో అంతస్తులో ఉంది. పన్నెండైంది. ఫోను రాలేదు. కుర్రాడు ఒంటరిగా ఉన్నాడు, వాళ్ళు నేర్పరులు, పెన్ను మూత తీసే ఉంది. రేపో మాపో పిల్లలు పుట్టే సంసారం, ఉద్యోగం కూడా వదులుకున్నాడు, పెట్టేసినా తప్పనగలమా? ఇలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా అనుమానం మాత్రం పోలేదు. పన్నెండున్నరకు కొత్త పట్టీ తలుపుకు ఆనిస్తే ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. తలుపు బరువుకు కిందికి జారుతోంది. మోకాలు అడ్డం పెట్టాడు.

వెనక అడుగుల చప్పుడు. అల్లుడు గుమ్మంలో నిల్చున్నాడు. చొక్కా తడిసి వీపుకంటుకుపోయింది. చేతిలో కాగితాలు నలిగి ఉన్నాయి.

"పెట్టారా?" అన్నాడు మెకానిక్. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, తలుపుకేసి చూస్తూనే అడిగాడు.

"మీరు వెళ్ళగానే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారండీ. మూడింతలు తీసేస్తానన్నారు. బలవంతపు అమ్మకం తీసేస్తానన్నారు. నోషాపు ముప్ఫై రోజులకి తగ్గిస్తానన్నారు."

"అన్నీ?"

"అన్నీనండీ. ఒక్కటే షరతన్నారు. మీరు పక్కకి తప్పుకోవాలట. మీకు డిగ్రీ లేదట, పెద్ద కంపెనీల ముందు మీరు మాట్లాడలేరట. నన్ను పైన కూర్చోబెట్టి నా వాటా పెంచుతారట. మిమ్మల్ని సలహాదారంటారట."

మెకానిక్ పట్టీని ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఏడాది నిండకముందే తప్పుకుంటే ఏం మిగులుతుందో, నిన్న బోల్టు బరువు పెట్టిన ఆ ముక్క చెప్పనే చెప్పింది. "మీరేమన్నారు?"

"తెలీదన్నానండీ."

"ఏం తెలీదన్నారు?"

"మీరు లేకుండా ఈ డబ్బా ఎలా నడుస్తుందో నాకు తెలీదన్నాను. తెలీనిదాన్ని తెలుసనొద్దని మీరే చెప్పారుగా." అతను చేతిలోని నలిగిన కాగితాలకేసి చూశాడు. "పెన్ను మూత పెట్టేసి ఆయనకే ఇచ్చేసి వచ్చేశాను. డబ్బు రాదు మావయ్యగారూ. ముప్ఫై మూడు రోజులుంది మనకి. నాకు భయంగా ఉంది."

ఆయనకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ పట్టీ మీద ఉన్నాయి. అల్లుణ్ణి అనుమానించిన ఆ గంటను ఎవరూ చూడలేదు గానీ ఆయన చూశాడు. ఇక బతికినన్నాళ్ళూ గుర్తుంటుంది.

ఫార్మసిస్టు ఐసు పెట్టె మూత సర్దుతూ ఇటే చూస్తోంది. అల్లుడు వింటుండగానే, కాస్త తడబడుతూ, మెకానిక్ అడిగాడు.

"అమ్మా, మా దగ్గర ముప్ఫై మూడు రోజులకే డబ్బుంది. ఏడాది చందా ముందే కట్టగలరా?"

"నా చేతిలో లేదండీ, సూపరింటెండెంట్ సంతకం పెట్టాలి. కాగితం రాసివ్వండి, ఈ పూటే తీసుకెళ్తా. ఇవాళ ఇది మోగకపోతే మా పరిస్థితి ఏంటో ఆయనకీ తెలుసు." ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్ళూ అడగరేం మరి?"

ఒక ఆసుపత్రి అయినా ఇంకా నలభై ఉంటాయి. ఎంతమంది అవునంటారో, ఎంతమంది మొహం తిప్పుకుంటారో తెలియదు. నలభై గుమ్మాల ముందూ ఇదే మాట అనాలి. మెకానిక్ ఆ సంగతి ఆలోచిస్తూ మోకాలు తీసేశాడు. తలుపు జారబోయింది.

"ఇలా రా. దీన్ని కింద చెయ్యి వేసి ఎత్తిపట్టుకో" అన్నాడు అల్లుడితో. "నిటారుగా. కదలకూడదు."

అల్లుడు కాగితాలు నేల మీద పడేసి వచ్చి రెండు చేతులూ తలుపు కింద పెట్టాడు. బరువుకు మెడ నరాలు ఉబ్బాయి. మెకానిక్ ఒక మూలనుంచి బొటనవేలితో నొక్కుకుంటూ పట్టీ చుట్టూ తిప్పాడు. నాలుగో మూల దగ్గర అది తన గాడిలో టక్కున కూర్చుంది. తలుపు మూసి, మిషన్ మీద అరచెయ్యి ఆనించి నిల్చున్నాడు. అంకెలు చాలాసేపు కదల్లేదు. తర్వాత ఎనిమిది పాయింట్ రెండు, ఎనిమిది.

"ఏడు పాయింట్ తొమ్మిది! దిగింది మావయ్యగారూ!"

"దిగుతుంది. ఐసు పెట్టెలోవి ఒక్కొక్కటే అందించు" అన్నాడు మెకానిక్. "అయ్యాక కాగితం రాద్దువుగాని, నేను చెప్తా."